నిచ్చెన మొదట నిలబడి ఇరవై మూడేళ్ళు

రెండువేల రెండవ సంవత్సరం మార్చి నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ పట్టణంలో గల హాలోరిడ్జ్ నిర్మాణ సంస్థలో శ్రీమతి పసుమర్తి దమయంతి గారు క్షేత్ర ఇంజనీరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ముప్పై తొమ్మిది. తమకంటె పదిహేనేళ్ళు చిన్నవారైన పట్టభద్రుల సరసన, అదే హోదాలో, అదే జీతానికి చేరిన ఆ వనిత ఈ అక్టోబరు ముప్పై ఒకటవ తేదీన సంస్థ భద్రతా విభాగ సంచాలకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భాన సంస్థలోని తెలుగు సహోద్యోగులు వెలువరిస్తున్న ఈ సంచికలో వారి ఉద్యోగ జీవితాన్ని వరుసగా స్మరించుకోవడం సముచితం. పొగడ్త వారికి బొత్తిగా గిట్టదు. కనుక జరిగినది జరిగినట్లు చెప్పడమే వారికి చేయదగిన గౌరవం.

దమయంతి గారి స్వస్థలం పార్వతీపురం. విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగు చదివి, విజయనగరం జిల్లాలో ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖలో పనిచేస్తూ ఎత్తయిన మంచినీటి ట్యాంకుల నిర్మాణాన్ని పర్యవేక్షించారు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని వెదురు నిచ్చెన ఎక్కి కాంక్రీటు నాణ్యత చూసి వచ్చే ఇంజనీరమ్మగా ఆ చుట్టుపక్కల వారికి పేరుండేది. ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ విద్యార్థినిగా మారి, ఎమ్మెస్ చదవడానికి రాలీ నగరానికి వచ్చారు. భర్త సూర్యప్రకాశరావు గారు విజయనగరంలో జూనియర్ కళాశాల గణిత అధ్యాపకులు. ఆయన ఉద్యోగం వదులుకొని, మూడేళ్ళ కుమార్తె వర్షను చంకనెత్తుకొని, భార్య వీసా మీద ఆధారపడిన భర్తగా ఈ దేశానికి వచ్చారు. అప్పటి నిబంధనల ప్రకారం ఆయన ఉద్యోగం చేయడానికి వీలులేదు. ఇంటిల్లిపాదికీ ఈ దేశంలో నిలువనీడ దమయంతి గారి ఉద్యోగమొక్కటే. ఈ సంగతి గుర్తుంటే గాని తరువాత జరిగిన వాటి బరువు తెలియదు.

మొదటి రెండేళ్ళు ఆమె కొలతలు, పటాలు, పనుల కాలక్రమం చూసే సాధారణ క్షేత్ర ఇంజనీరు. రెండువేల నాలుగు వసంతంలో, డర్హమ్ సమీపాన ఒక క్లినిక్ భవనం కడుతున్నప్పుడు, వారి దారి మళ్ళింది.

ఆ రోజు పైకప్పు అంచున వాననీటి తూముల కొలతలు సరిచూడడానికి దమయంతి గారు పైకి ఎక్కారు. తూములు బిగించే ఎమిలియో అనే నడివయసు కార్మికుడు ఆమెతో పాటు పైనే ఉన్నాడు. రెండు భాగాలుగా సాగే అల్యూమినియం నిచ్చెన ఒకటి గోడకు చేరవేసి ఉంది. ముందురోజు వాన కురిసింది. ఆ ప్రాంతపు ఎర్ర బంకమట్టిలో పాదాలు దిగబడకుండా ఎవరో నిచ్చెన కింద ఒక ప్లైవుడ్ ముక్క వేశారు. పైన దానిని దేనికీ కట్టలేదు. పని ముగిశాక ఆమె దిగబోతుంటే ఎమిలియో చేయి అడ్డం పెట్టాడు.

"మీరు ఆగండి అమ్మా. నేను ముందు దిగి కింద పట్టుకుంటాను. అప్పుడు మీరు రండి" అన్నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో.

అతడు పైనుంచి మూడో మెట్టు మీద కాలు మోపేసరికి తడిసిన ప్లైవుడ్ బురద మీద జారింది. నిచ్చెన గోడ వెంబడి గీసుకుంటూ కిందికి పోయింది. దమయంతి గారు ఒక్కరే పైన మిగిలిపోయారు. కింద అతడి చుట్టూ మనుషులు గుమిగూడడం, అంబులెన్స్ రావడం, అతడిని ఎత్తుకుపోవడం అంతా ఆమె పైకప్పు అంచు నుంచి చూశారు. చాలాసేపటి దాకా ఎవరికీ ఆమె గుర్తు రాలేదు. ఆ తరువాత వేరే నిచ్చెన తెచ్చి దింపారు.

తుంటి ఎముక, రెండు మడమలు విరిగిన ఎమిలియోను ఆమె ఆ వారాంతంలో ఆసుపత్రికి వెళ్ళి పలకరించారు. మంచం మీద నుంచి అతడు అడిగిన మొదటి మాట, "ఇంతకీ మీరు ఎలా దిగారు?" అని.

ఆమె ఇంటికి వచ్చి ఆ మాట భర్తకు చెప్పారు. 

"ఏవండీ, నేను సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కి మారిపోదామనుకుంటున్నాను. అక్కడ ప్రమోషన్లు రావట. ఇంజనీరింగ్ చదివి ఇదేం పని అంటారు అందరూ."

సూర్యప్రకాశరావు గారు "అందరూ అనేది సరే. నీకు నిద్ర పట్టే పని ఏదో అది చెయ్యి" అన్నారట. ఎమిలియో మళ్ళీ నడిచాడు గాని ఎత్తున పని చేయలేకపోయాడు. కొన్నాళ్ళకు తన వాళ్ళున్న టెక్సస్‌కు తరలిపోయాడు. ఆ యేడాది ముగియకముందే దమయంతి గారు భద్రతా విభాగంలో చేరారు.

తరువాతి నాలుగైదేళ్ళూ వారిని ఎరిగినవారు ఆ కాలాన్ని కొంత భయంతోనే తలచుకుంటారు. నిబంధన అంటే వారికి నిబంధనే. నిచ్చెన ఆనే ఎత్తు ప్రతి నాలుగడుగులకు దాని పాదం గోడకు ఒక అడుగు ఎడంగా ఉండాలి. దిగే చోటుకు మూడడుగులు పైదాకా నిచ్చెన సాగి, పైన గట్టిగా కట్టి ఉండాలి. ఎక్కేటప్పుడు ముఖం నిచ్చెన వైపే ఉండాలి. రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్ళు ఒక చేయి, ఎప్పుడూ దానిని అంటిపెట్టుకొని ఉండాలి. మడత నిచ్చెన నాలుగు కాళ్ళూ విప్పి నిలబెట్టాలే గాని, మడిచి గోడకు ఆనించి ఎక్కకూడదు. చిట్టచివరి మెట్టు నిలబడడానికి కాదు. కరెంటు తీగల చేరువలో అల్యూమినియం నిచ్చెన కనబడితే ఆమె కంఠం మారేది. తప్పు చేసిన వాడిని అక్కడికక్కడే దింపి ఇంటికి పంపించేవారు. కార్మికులు ఆమెకు 'ల్యాడర్ పోలీస్' అని పేరు పెట్టుకున్నారు. ఆమె తెల్లటి కారు గేటు దాటగానే ఒకరికొకరు ఈల వేసుకొనేవారు. ఈల వినబడగానే నిచ్చెనలన్నీ బుద్ధిగా నిలబడేవి. కారు వెనుదిరగగానే ఎక్కడివాళ్ళు అక్కడే మళ్ళీ చివరి మెట్టు మీద ప్రత్యక్షమయ్యేవారు. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు. మరింత కఠినంగా ఉంటే సరిపోతుందనుకున్నారు.

ఆ రోజుల్లో వారి ఇంట్లో జరిగిన ఒక చిన్న ఉదంతం చెప్పక తప్పదు. దానిని ఈ సంచికలో రాయడానికి దమయంతి గారి అనుమతి అడిగితే, "రాయండి, కానీ వర్షని ఎక్కువ గొప్ప చెయ్యకండి, ఇప్పటికే నా మాట వినదు" అన్నారు.

రెండువేల తొమ్మిదిలో ఒక ఆదివారం పగటిపూట ఇంటి పైకప్పుకు బిగించిన పొగ హెచ్చరిక పరికరం బ్యాటరీ అయిపోయి కీచుమంటూ మొదలుపెట్టింది. భోజనాల వేళ. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆ కూత ఆగదు, చెవులు చిల్లులు పడుతున్నాయి. సూర్యప్రకాశరావు గారు కూరగాయలకు వెళ్ళారు. దమయంతి గారు గరిటె పక్కన పెట్టి, వర్ష చదువుకునేటప్పుడు కూర్చునే, కింద చక్రాలున్న తిరుగుడు కుర్చీని హాల్లోకి లాగి, ఎక్కి, రెండు చేతులూ పైకి చాచి మూత తిప్పసాగారు. మూత తిరగలేదు, కుర్చీ తిరిగింది.

చప్పుడుకు పదమూడేళ్ళ వర్ష మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. తల్లి నేల మీద కూర్చొని ఎడమ మణికట్టు పట్టుకొని ఉంది. ఆ పిల్ల కుర్చీని చూసింది, తల్లిని చూసింది, కప్పును చూసింది.

"అమ్మా, ఆర్ యూ సీరియస్? చైర్ ఎక్కావా? అది రోలింగ్ చైర్! ల్యాడర్ ఉంది కదా మన గరాజ్‌లో?"

"ఉందే. సూట్‌కేసుల వెనకాల ఉంది. అవన్నీ తియ్యాలి, కారు బయటికి తియ్యాలి. రెండు నిమిషాల పనికి ఎవరు తెస్తారే అంత దూరం నుంచి" అన్నారు దమయంతి గారు నొప్పితో పళ్ళు బిగించి.

వర్ష ఏ ఉద్దేశమూ లేకుండానే, "సైట్‌లో అంకుల్స్ కూడా సేమ్ థింగ్ చెప్తారా నీకు?" అంది.

 అర్జెంట్ కేర్ ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు భర్త దారి పొడవునా కూకలేస్తున్నా, వర్ష మాట తప్ప మరేదీ ఆమె చెవిన పడలేదట. ఎవరినీ ఆమె అంతవరకూ కారణం అడగలేదు. ఎందుకు చివరి మెట్టు ఎక్కావు అని అడగకుండానే ఇంటికి పంపించారు. మణికట్టుకు కట్టు కట్టుకొని మరునాడు క్షేత్రానికి వెళ్ళినప్పుడు, పైకప్పు పలకలు బిగిస్తున్న ఒక కార్మికుడు ఆరడుగుల నిచ్చెన చిట్టచివరన నిలబడి కనిపించాడు. అతడు ఆమెను చూసి, పని పోయిందనుకొని, మెల్లగా దిగి నిలబడ్డాడు.

"ఎనిమిదడుగుల నిచ్చెన ఎక్కడుంది?" అని అడిగారు ఆమె.

"కింద గేటు దగ్గర కంటైనర్‌లో ఉంది. తాళం వేసి ఉంది. తాళం ఫోర్‌మన్ దగ్గర ఉంది. ఫోర్‌మన్ ఎక్కడున్నాడో నాకు తెలియదు" అన్నాడు అతడు.

ఆమె అతడిని ఇంటికి పంపలేదు. వెళ్ళి ఫోర్‌మన్‌ను వెతికి, తాళం తీయించి, ఆ నిచ్చెన తెప్పించారు. అందుకు అరగంట పైగా పట్టింది. ఆ అరగంట ఆమె పని తీరును మార్చివేసింది.

ఆ తరువాత హాలోరిడ్జ్ నిర్మాణాల్లో ప్రతి అంతస్తులోనూ మూడు రకాల ఎత్తుల నిచ్చెనలు తాళం లేకుండా గోడకు తగిలించి ఉంచే ఏర్పాటు జరిగింది. దొంగలెత్తుకుపోతారని కొందరు అధికారులు గోల పెట్టారు. "పోతే పోనివ్వండి, నిచ్చెన మళ్ళీ కొనుక్కోవచ్చు" అన్నారు దమయంతి గారు. నిజంగానే కొన్ని పోయాయి. నిచ్చెనకు బదులు నిలబడడానికి చిన్న వేదిక గల మెట్ల బల్లలు, ఎత్తి నిలబెట్టే లిఫ్ట్ బండ్లు ఎక్కడ వాడవచ్చో పని మొదలుకాక ముందే కార్మికులతో కూర్చొని నిర్ణయించే పద్ధతి వచ్చింది. వారి తనిఖీ ఇప్పుడు 'నీకు కావలసిన నిచ్చెన ఎక్కడుంది?' అన్న ప్రశ్నతో మొదలయ్యేది. ఏడాది తిరిగేసరికి తెల్ల కారు వచ్చినప్పుడు వేసే ఈల ఆగిపోయింది.

ఇంతవరకూ చెప్పినది వారి నేర్పు. రెండువేల పదకొండు శరత్కాలంలో వారికి ఎదురైన పరీక్ష వేరు.

క్యారీకి చేరువలో నాలుగంతస్తుల ఔషధ పరిశోధనా భవనం ఒకటి ముగింపు దశలో ఉంది. పై అంతస్తు నడవాలో మెట్ల కోసం వదిలిన పెద్ద ఖాళీ అడుగు దాకా తెరుచుకొని ఉంది. మెట్లు ఇంకా రాలేదు. చుట్టూ నడుమెత్తున కమ్మీల అడ్డు, అంటే కటకటా, కట్టారు. ఆ ఖాళీకి ఆనుకొని ఉన్న పైకప్పులో కరెంటు గొట్టాలు బిగించాలి. మరునాడే నగర తనిఖీ అధికారులు వస్తున్నారు. లిఫ్ట్ బండి ఆ ఇరుకులో పట్టదు. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు మడత నిచ్చెనను మడిచి, కటకటా పక్కనే గోడకు ఆనించి, దాని మీద పని మొదలుపెట్టారు. దమయంతి గారు వారిని దింపి, నిచ్చెనకు ఎర్ర చీటీ తగిలించి, పని ఆపించారు.

క్షేత్రాధికారి డేల్ హచిన్స్ గారు కొరకరాని కొయ్య అని పేరు మోసినవారు. ఆయన భవనం వెనుక వైపు మెట్లెక్కి రొప్పుతూ వచ్చారు.

"కటకటా ఉంది కదా. ఇంకేం కావాలి మీకు?"

"కటకటా నేల మీద నిలబడ్డవాడికి నడుము దాకా వస్తుంది. నిచ్చెన మీద ఉన్నవాడికి అది కాళ్ళ కిందే ఉండిపోతుంది. జారితే నాలుగంతస్తులు."

"ఒక్క పూట పని ఇది. ఒక్క పూట!"

"పడడానికి ఒక పూట అక్కర్లేదు. ఆ ఖాళీని పలకలతో కప్పించండి. దాని మీద సరైన వేదిక నిలబెట్టుకొని చేసుకోమనండి. నేను చీటీ తీసేస్తాను."

పలకలు తెచ్చి కప్పాలంటే తనిఖీ వాయిదా పడుతుంది. భవనం అప్పగింత ఆలస్యమవుతుంది. హచిన్స్ గారు ఇక ఆమెతో మాట్లాడక సంస్థ ఉపాధ్యక్షులకు ఫోన్ చేశారు. మరునాటి ఉదయం అందరూ సమావేశం కావాలని కబురు వచ్చింది.

అదే క్షేత్రంలో పనుల కాలక్రమం చూసే యువ ఇంజనీరు లోకేష్, కారు నిలిపే చోట ఆమెను కలుసుకున్నాడు. ఇతడు గుంటూరు వాడు, అప్పుడే ఎమ్మెస్ ముగించి చేరాడు.

"మేడమ్, ఒక్క మాట చెప్తా, తప్పుగా అనుకోకండి. మీ గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది కదా. స్పాన్సర్ చేస్తోంది వీళ్ళే కదా. డేల్‌కి పైన అందరూ ఫ్రెండ్సే. ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వెళ్ళిపోండి మేడమ్, ప్లీజ్. జాబ్ పోతే దేశం వదలడానికి అరవై రోజులు కూడా టైమ్ ఇవ్వరు."

"నువ్వు చెప్పింది నిజమే లోకేష్. నాకూ అదే భయం" అన్నారు ఆమె. "ఆ పైన పనిచేసేవాళ్ళ పేర్లు తెలుసా నీకు?"

"తెలీదు మేడమ్."

"నాకు తెలుసు. అదే చిక్కు."

కారులో కూర్చున్నాక ఆమె చాలాసేపు ఇంజను వేయలేదు.  వర్ష హైస్కూల్లో చేరి అప్పటికి కొద్ది వారాలే. ఈ వయసులో ఆ పిల్లను విజయనగరం తీసుకెళ్ళి ఏ బడిలో వేయాలి, తెలుగు చదవడం రాని పిల్ల అక్కడ ఏమవుతుంది, పుష్కరకాలంగా ఇల్లు దిద్దుకుంటూ గడిపిన భర్తకు అక్కడ ఇప్పుడు ఎవరు ఉద్యోగం ఇస్తారు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంటికి వెళ్ళి చెబితే సూర్యప్రకాశరావు గారు అంతా విన్నారు.

"చీటీ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగారు.

"బహుశా ఏమీ అవదు. పని అయిపోతుంది, వాళ్ళు దిగి ఇంటికి వెళ్ళిపోతారు. నూటికి తొంభై తొమ్మిది సార్లు అంతే."

"మిగతా ఒక్కసారి?"

ఆమె బల్ల దగ్గర కుర్చీ లాక్కొని కూర్చున్నారు. ఆయన కంచాలు పెడుతూ, "అయితే పెట్టెలు ఎక్కడున్నాయో చూసుకుందాంలే. మనం వచ్చినప్పుడు నాలుగే కదా తెచ్చాం" అన్నారు. వర్ష అక్కడే ఉంది. ఏమైందో పూర్తిగా అర్థం కాకపోయినా తల్లి పక్కకు వచ్చి కూర్చుంది.

మరునాటి సమావేశంలో హచిన్స్ గారు తన వాదన గట్టిగానే వినిపించారు. ఎలక్ట్రీషియన్లు అనుభవజ్ఞులనీ, వారికే లేని అభ్యంతరం ఈమెకు ఎందుకనీ అడిగారు. అది విని దమయంతి గారు, వారినే అడగవచ్చు కదా అన్నారు. ఎలక్ట్రీషియన్ల ఫోర్‌మన్ మార్కస్ టిల్‌మన్‌ను పిలిపించారు. అతడు టోపీ చేతిలో పట్టుకొని లోపలికి వచ్చాడు. హచిన్స్ గారి వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

"వేరే దారి లేదని చెప్పారు కాబట్టి ఎక్కారు. వాళ్ళు ఏదంటే అది చేస్తారు, అందరికీ పిల్లలున్నారు" అన్నాడు. మళ్ళీ తానే, "నన్ను ఎక్కమంటే నేను ఎక్కేవాణ్ణి కాదు. నిన్న ఆమె దింపినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ముందే నేను దింపి ఉండాల్సింది" అన్నాడు.

ఉపాధ్యక్షులు ఎర్ర చీటీని సమర్థించారు. ఖాళీని పలకలతో కప్పి, వేదిక నిలబెట్టి, పని పూర్తిచేశారు. తనిఖీ వాయిదా పడింది, భవన యజమానులు ఆగ్రహించారు. ఎవరూ పడలేదు. ఎవరూ పడలేదు కనుక దమయంతి గారి మాటే సరైనదని నిరూపించే ఆధారమూ లేకపోయింది. జరగని ప్రమాదానికి సాక్షి ఉండడు. ఈ వృత్తిలో ఉన్నవారందరి గతీ ఇదే. ఆ మాసాంతంలో ఆమెను నిర్మాణ క్షేత్రాల నుంచి తప్పించి, ఊరి చివర శిక్షణ ప్రాంగణానికి బదిలీ చేశారు. గ్రీన్ కార్డు దరఖాస్తును మాత్రం సంస్థ వెనక్కి తీసుకోలేదు. హచిన్స్ గారు కొన్నాళ్ళకు వేరే సంస్థకు వెళ్ళిపోయారు. వెళ్ళేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ తరువాతా మాట్లాడలేదు.

బదిలీ శిక్షగానే వచ్చింది. ఆమె దానిని అలాగే తీసుకున్నారు, కొన్నాళ్ళు నొచ్చుకున్నారు కూడా. అయితే ఆ ప్రాంగణంలో గడిచిన ఐదేళ్ళలో సంస్థలో చేరిన ప్రతి మనిషీ, కార్మికుడైనా మేనేజరైనా, ఆమె చేతి మీదుగానే వెళ్ళాడు. అక్కడ ఆమె ఒక గోడ కట్టించి, దాని ముందు బంకమట్టి, గులకరాళ్ళు, తడి కాంక్రీటు, వాలు నేల వరుసగా పరిపించారు. నిచ్చెనను ఎవరికి వారే నిలబెట్టాలి. సరిగా నిలబెట్టకపోతే అది జారేది. పైన మనిషి బదులు ఇసుక బస్తా ఉండేది. బస్తా పడిన చప్పుడు విన్నవారికి వేరే ఉపన్యాసం అవసరం పడేది కాదు. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి వేసవి శిక్షణకు చేరిన విద్యార్థులను కూడా ఆమె వదలలేదు. వారిలో ఖమ్మం నుంచి వచ్చిన ఆద్య అనే అమ్మాయి మొదటి రోజు మూడు మెట్లెక్కి నిచ్చెనను కావలించుకొని ఉండిపోయింది.

"ఆంటీ, సారీ, మేడమ్, నాతోని కాదు. నేను డిజైన్ సైడ్ పోతా. నాకు హైట్స్ అంటే మస్తు భయం."

"భయం ఉంటే మంచిదేనమ్మా. భయం లేనివాళ్ళనే నేను పైకి పంపించను" అన్నారు దమయంతి గారు కింద నిచ్చెనను రెండు చేతులా పట్టుకొని. "ఒక మెట్టు దిగు. ఊపిరి పీల్చు. నీ బొడ్డు రెండు కమ్మీల మధ్యే ఉండాలి, పక్కకి పోకూడదు. అంతే రూల్. మళ్ళీ ఎక్కు."

ఆద్య డిజైన్ వైపు వెళ్ళలేదు. ఇప్పుడు మన సంస్థలోనే ప్రాజెక్టు ఇంజనీరు.

రెండువేల పదమూడులో దమయంతి గారి కుటుంబానికి గ్రీన్ కార్డులు వచ్చాయి. సూర్యప్రకాశరావు గారు కమ్యూనిటీ కాలేజీలో మళ్ళీ గణితం బోధించడం మొదలుపెట్టారు. మొదటి రోజు ఆయనను తరగతి గుమ్మం దాకా దింపడానికి ఆమె సెలవు పెట్టారు. ఉద్యోగ జీవితంలో ఏ ప్రమాదమూ కారణం కాకుండా ఆమె అడిగి పెట్టిన ఒకే ఒక్క సెలవు అదేనని కార్యాలయంలో చెప్పుకుంటారు. రెండువేల పదహారులో సంస్థ వారిని భద్రతా విభాగ సంచాలకులుగా నియమించింది. జెర్సీ సిటీలో బహుళ అంతస్తుల నివాస భవనాల మరమ్మతు పనులు చేపట్టినప్పుడు నదీతీరపు గాలి నిచ్చెనను ఎలా తోస్తుందో తెలుసుకోవడానికి వారు స్వయంగా అక్కడ కొన్ని నెలలు మకాం పెట్టారు. పడమటి తీరంలోని బాతెల్ పట్టణంలో జీవసాంకేతిక ప్రయోగశాలలు కట్టినప్పుడు, యేడాదిలో సగం రోజులు తడిసే ఆ నేల మీద నిచ్చెన పాదాలు నిలిచే ఏర్పాట్లను స్థానిక వడ్రంగులతో కలిసి రూపొందించారు. ఎక్కడికి వెళ్ళినా ఆమె కోపం పూర్తిగా పోలేదన్నది నిజం. మీటింగులో ఫోన్ చూసేవారి పట్ల, టోపీ పట్టీ బిగించని వారి పట్ల ఇప్పటికీ మాట కటువుగానే వస్తుంది. ఆ కటుత్వం రుచి చూడనివారు ఈ సంచిక చదువరులలో బహుశా లేరు.

గత నెలలో వారు చివరిసారిగా నిర్మాణ క్షేత్రాల సందర్శనకు వెళ్ళారు. ఆద్య వెంట ఉంది. కొత్తగా కడుతున్న ఒక గ్రంథాలయ భవనం వెనుక, పైకప్పుకు చేరవేసిన నిచ్చెన ఎక్కబోతూ దమయంతి గారు మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. పైనుంచి ఒక యువ కార్మికుడు తల వంచి చూసి, గట్టిగా అరిచాడు.

"మేడమ్, ఆగండి! ఇంకా కట్టలేదు. కాలు తియ్యండి, నేను కట్టి చెబుతాను."

ఆద్య నవ్వు ఆపుకోలేక, "హలో, ఈమె ఎవరో తెలుసా నీకు?" అని అతనికి చెప్పబోయింది. దమయంతి గారు ఆద్య చేయి పట్టుకొని ఆపారు.

"ఉండు. ఆగమన్నాడుగా, ఆగుదాం."

ఆమె కాలు వెనక్కి తీసుకొని, ఎర్ర మట్టిలో పక్కకు జరిగి నిలబడ్డారు. అతడు తీరిగ్గా తాడు బిగించి, ఒకసారి లాగి చూసి, రమ్మని చేయి ఊపాడు. ఆమె అతని పేరు అడగలేదు. అతడూ ఆమె పేరు అడగలేదు. ముఖం నిచ్చెన వైపు పెట్టి, రెండు చేతులా పట్టుకొని, పైకి ఎక్కారు.

శ్రీమతి దమయంతి గారికి నిశ్చలమైన నేల, నిబ్బరమైన మోకాళ్ళు, నిండు నూరేళ్ళ ఆరోగ్యం చేకూరుగాక. సూర్యప్రకాశరావు గారి తోడుతో, వర్ష ఆలనతో, వేళకు భోజనం, వేళకు విశ్రాంతి, గడియారం చూడనక్కరలేని ఉదయాలు వారికి దీర్ఘకాలం దక్కుగాక. ఈ సంస్థలో పొద్దున పనికి వచ్చిన వారందరూ సాయంత్రం తమ తమ కాళ్ళ మీద నడిచి ఇంటికి చేరుతున్నంత కాలమూ వారికి మా అభినందన అందుతూనే ఉంటుంది.